బోధ్‌గయకు ముప్పావుగంట చాలదు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు పోయాక అన్నయ్య, అమ్మ టూర్ బస్సులో కాశీ, గయ వెళ్లొచ్చారు. గయలో పిండప్రదానం అయ్యాక బోధ్‌గయ కూడా చూపించారు గానీ, ముప్పావుగంటలో బస్సెక్కమన్నారట. "ఆ చెట్టు దగ్గర కాసేపు కూర్చోనివ్వలేదు" అని అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఈసారి నేను తీసుకెళ్దామనుకుంటున్నాను. నాకు దొరికేది నాలుగు రోజుల సెలవు. ఒక ఏజెంటు ఆ నాలుగు రోజుల్లో బోధ్‌గయ, రాజ్‌గిర్, నలంద, వైశాలి, కుశీనగర్, సారనాథ్ అన్నీ గైడ్‌తో చూపిస్తానంటున్నాడు. ఇంకొకాయన బోధ్‌గయలోనే ఉంచి, ఒకరోజు రాజ్‌గిర్, నలంద తిప్పి తీసుకొస్తానంటున్నారు. డబ్బు మాత్రం ఇద్దరిదీ దాదాపు ఒకటే. అన్నయ్యేమో "చూసిన చోటికే మళ్లీ ఎందుకు, పైగా అది మన గుడి కూడా కాదు" అంటున్నాడు. అమ్మకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, హిందీ రాదు. ఏది ఎంచుకోమంటారు? గైడ్ నిజంగా అవసరమా? ఎప్పుడు వెళ్తే మంచిది?

సమాధానం: రెండో ఆయన చెప్పిన ట్రిప్పే తీసుకోండి. డబ్బు అంతే అవుతున్నా, ఊళ్లు తగ్గుతున్నా సరే. వీలైతే దాన్ని కూడా ఇంకాస్త తగ్గించమని అడగండి, ఎలాగో కింద చెబుతాను.

మొదటి ఏజెంటు చెప్పిన పేర్లు వినడానికి బాగుంటాయి. ఒకసారి మ్యాప్ తెరిచి చూడండి. బోధ్‌గయ నుంచి రాజ్‌గిర్, నలంద, అక్కణ్ణుంచి పట్నా మీదుగా గంగ దాటి వైశాలి, తర్వాత ఉత్తరప్రదేశ్‌లోకి వెళ్లి కుశీనగర్, మళ్లీ కిందికి దిగి సారనాథ్. అంతా కలిపితే 600 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి రానూపోనూ పట్టే టైమ్ తీసేస్తే మీ చేతిలో మిగిలేది మూడు రోజుల లోపే, అందులో సగం కారులోనే అయిపోతుంది. కుశీనగర్ బుద్ధుడు మహాపరినిర్వాణం పొందిన చోటు. సారనాథ్ ఆయన మొదటిసారి ధర్మం బోధించిన చోటు. వాటిని తక్కువ చేయడం లేదు. పోయినసారి అమ్మగారికి బోధ్‌గయలో ఏం జరిగిందో, ఈసారి ఆరు చోట్లా అదే జరుగుతుందని చెబుతున్నాను. అన్నీ చూడాలనే ఉంటే ఐఆర్‌సీటీసీ నడిపే బౌద్ధ యాత్రా రైలు ఉంది. ఢిల్లీలో బయల్దేరి లుంబినితో సహా ఈ క్షేత్రాలు చూపిస్తుంది. చాలా రాత్రులు రైల్లోనే పడుకుంటూ వెళ్లే ఆ యాత్రకే ఎనిమిది రోజులు పడుతుంటే, నాలుగు రోజుల్లో కారులో తిప్పి చూపిస్తానన్న మనిషి ఏం చూపిస్తాడో మీరే ఆలోచించండి.

అన్నయ్యగారి మాటకు వద్దాం. "చూసిన చోటికే" అన్నారు. నిజానికి ఆయన కూడా చూడలేదు. గయ టూర్లలో సాధారణంగా జరిగేది ఇది: పొద్దున్నే పిండాలు పెట్టి, మధ్యాహ్నం దాకా ఏమీ తినక నీరసించి, ఆ తర్వాత బస్సెక్కి ఎండలో బోధ్‌గయ చేరతారు. సెక్యూరిటీ లైను, చెప్పుల స్టాండు, మహాబోధి ఆలయ గర్భగుడిలో ఒక్క క్షణం, వెనక బోధివృక్షానికి ఒక దండం, బయట పూసల దుకాణాలు, బస్సు. మనవాళ్లలో చాలామంది బోధ్‌గయను చూసే పద్ధతి ఇదే. తప్పు వాళ్లది కాదు, ఆ రోజు పనే వేరు. తండ్రి పిండాలు పెట్టిన రోజు మనసు ఇంకో చోట ఎలా నిలుస్తుంది?

"మన గుడి కాదు" అన్న మాటకు జవాబు అంత సులువు కాదు. గయా శ్రాద్ధాన్ని పూర్తిగా చేసేవాళ్లు ధర్మారణ్యం, మతంగవాపి, బోధివృక్షం దగ్గర కూడా పిండాలు పెడతారు. ఈ మూడూ బోధ్‌గయ వైపు ఉన్నవే. అన్నయ్యగారు గయలో పిండాలు వదిలిన ఫల్గూ నది కూడా ఇక్కడి నుంచి వెళ్లిందే. బోధ్‌గయ పక్కన పారే నిరంజన, మోహన అనే ఇంకో నదితో కలిసి ఫల్గూ అవుతుంది. కాబట్టి హిందువులు అక్కడ అడుగు పెట్టకూడదనే మాటే లేదు. గర్భగుడిలో బుద్ధుడి ఎదుట నేలలో ఒక శివలింగం కూడా ఉంది.

అయితే దీనికి రెండో వైపు కూడా మీకు తెలిసి ఉండాలి. బౌద్ధం మన దేశంలో క్షీణించాక ఆ చోటు పాడుబడింది. 16వ శతాబ్దం చివర్లో శైవ మహంతులు అక్కడ మఠం పెట్టుకున్నారు, ఆ తర్వాత గుడి వాళ్ల అధీనంలోకి వెళ్లింది. 1891లో సింహళం (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చిన అనాగారిక ధర్మపాల ఆ పరిస్థితి చూసి, గుడిని బౌద్ధులకు తిరిగి ఇప్పించాలని జీవితాంతం పోరాడారు. చివరికి 1949లో బోధ్‌గయ ఆలయ చట్టం వచ్చింది. హిందువులు, బౌద్ధులు సమానంగా ఉండే కమిటీ చేతికి నిర్వహణ వెళ్లింది. పూర్తిగా తమకే అప్పగించాలని బౌద్ధ భిక్షువులు 2025లో కూడా నిరాహార దీక్షలు చేశారు. మీరు వెళ్లినప్పుడు బ్యానర్లు కనిపించవచ్చు, ఎవరైనా మాట్లాడించవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఆ ఆవరణలో మనం అతిథులుగా నడుచుకోవడం మర్యాద. బర్మా నుంచి, థాయ్‌లాండ్ నుంచి, లడఖ్ నుంచి ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకుని వచ్చినవాళ్లు మీ పక్కనే కూర్చుని ఉంటారు. మన పెద్దవాళ్లకు కాశీ ఎలాగో వాళ్లకు అది అలాగ. అందుకని కొబ్బరికాయ కొట్టడం, కుంకుమ చల్లడం, గోత్రనామాలతో అర్చన అడగడం అక్కడ పెట్టుకోవద్దని అమ్మగారికి ముందే చెప్పండి. పూలు, అగరుబత్తి, ఒక దీపం చాలు. ప్రదక్షిణ మన గుళ్లలో లాగే కుడి చేతి వైపు గుడి ఉండేలా. "బుద్ధం శరణం గచ్ఛామి" ఆవిడకు ఎలాగూ వచ్చే ఉంటుంది, అక్కడ ఆ మాట ఎన్ని దేశాల యాసల్లో వినిపిస్తుందో చూడండి.

గైడ్ కావాలా అన్నారు. కావాలి, ఒక్క పూటకు. ముందు ఒక తేడా గుర్తుంచుకోండి. మన వైపు టూర్లలో "గైడ్ ఉంటాడు" అంటే చాలాసార్లు టూర్ మేనేజర్ ఉంటాడని అర్థం. ఆయన మనుషుల్ని లెక్కపెట్టుకుని, భోజనం, గదులు చూసుకుంటారు. గుడి చరిత్ర చెప్పేది స్థానిక గైడ్. ఆయన దగ్గర పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉండాలి, ఫీజు ప్యాకేజీలో కలిసి ఉందో విడిగా ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి.

ఆ గైడ్‌ను ఒక్కటే అడగండి: "ఏడు వారాలూ వరసగా చూపించండి" అని. సిద్ధార్థుడు 35వ ఏట జ్ఞానోదయం పొందాక వెంటనే బయల్దేరి వెళ్లలేదు, ఆ చుట్టుపక్కలే ఏడు వారాలు ఉన్నాడని బౌద్ధులు చెప్పుకుంటారు. మహాబోధి ఆలయ ఆవరణలో ఆ ఏడింటికీ గుర్తులున్నాయి. మొదటి వారం చెట్టు కిందే గడిచింది. చెట్టుకూ గుడి వెనక గోడకూ మధ్య నునుపు పెట్టిన ఇసుకరాతి పలక ఒకటి ఉంటుంది, అది వజ్రాసనం, అశోకుడు వేయించినదని చెబుతారు. రెండో వారం ఆయన కాస్త ఎత్తున్న చోట నిలబడి, తనకు నీడనిచ్చిన ఆ చెట్టును కృతజ్ఞతతో రెప్ప వేయకుండా చూశాడట. అక్కడ అనిమేష లోచన చైత్యం అనే చిన్న గుడి ఉంది. మూడో వారం అటూ ఇటూ నడిచాడు. గుడి ఉత్తరపు గోడ పక్కన పొడుగ్గా ఒక అరుగు, దాని మీద వరసగా రాతి తామరపూలు కనిపిస్తాయి. ఆయన అడుగు పడిన చోటల్లా ఒక పువ్వు. పోయినసారి అమ్మగారు దాని పక్కనుంచే నడిచి ఉంటారు, అదేమిటో చెప్పేవాళ్లు లేక దాటిపోయి ఉంటారు.

నాలుగో వారం ధ్యానానికి గుర్తు రత్నఘరం అనే చిన్న కట్టడం. ఐదో వారం మేకల కాపరులు నీడకు చేరే ఒక మర్రిచెట్టు కింద. ఆ మర్రి ఇప్పుడు లేదు, తూర్పున మెట్లు దిగే దారిలో దాని గుర్తు మాత్రం నిలిపారు. మనిషి పుట్టుకతో కాదు, చేసే పనులతోనే బ్రాహ్మణుడవుతాడని అడగవచ్చినవాడికి ఆయన జవాబిచ్చింది అక్కడేనట. ఆ గుర్తు ముందు ఒక్క నిమిషమైనా ఆగండి. ఆరో వారం అకాల వర్షం పట్టుకుంటే ముచలిందుడనే నాగరాజు పడగ విప్పి కాపాడాడు. గుడికి దక్షిణాన ఉన్న చెరువులో పడగ నీడన కూర్చున్న బుద్ధుడి విగ్రహం ఉంటుంది. అసలు ముచలింద సరస్సు కొంత దూరంలోని మోచరిం అనే పల్లెలో ఉందని అక్కడివాళ్లు అంటారు. ఏడో వారం తపుస్సుడు, భల్లికుడు అనే ఇద్దరు వర్తకులు ఆ దారిన పోతూ ఆయనకు తేనె కలిపిన పిండివంట పెట్టి, తొలి గృహస్థ శిష్యులయ్యారు. రాజులు, పండితుల కంటే ముందు ఇద్దరు దారిన పోయే వ్యాపారులు! ఈ కథ మీరు చెబితే అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

చెట్టు గురించి కూడా గైడ్లు ఒక్కోసారి ఒక్కో రకంగా చెబుతారు, కాబట్టి నిజం తెలుసుకుని వెళ్లండి. ఇప్పుడున్నది బుద్ధుడు కూర్చున్న చెట్టే కాదు, ఆ పరంపరలో వచ్చింది. అంతకుముందున్న చెట్టు 1876లో గాలివానకు కూలిపోయింది. ఆలయాన్ని బాగుచేయిస్తున్న అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1881లో కొత్త మొక్క నాటించారు. చాలా కాలం ముందే అశోకుడి కూతురు సంఘమిత్ర బోధివృక్షం కొమ్మను సింహళానికి తీసుకెళ్లింది. అనురాధపురంలో దాన్ని ఇప్పటికీ పూజిస్తున్నారు. గుడి గుప్తుల చివరి కాలపు ఇటుక కట్టడం, ఎత్తు సుమారు 50 మీటర్లు, 2002లో యునెస్కో జాబితాలో చేరింది. ఇవి చెప్పడానికి గైడ్‌కు అయిదు నిమిషాలు చాలు.

అది అయ్యాక గైడ్‌కు ధన్యవాదాలు చెప్పి పంపించేయండి. మిగతా సమయమంతా అమ్మగారిది.

గుడి తెల్లవారుజామున 5 గంటలకు తెరిచి రాత్రి 9 దాకా ఉంచుతారు, ప్రవేశానికి టికెట్ లేదు. మీరు పొద్దున్నే వెళ్లండి. ఆ వేళకు టూర్ బస్సులు రావు. టిబెటన్లు పొడవాటి చెక్కపలకలు పరుచుకుని సాష్టాంగాలు చేస్తుంటారు. చేతుల కింద గుడ్డో, గ్లవుజో పెట్టుకుని పలక మీద ముందుకు జారతారు, లేస్తారు, చేతులు జోడిస్తారు, మళ్లీ జారతారు. ఆ జారుడు చప్పుడు ఒక వైపు నుంచి వినిపిస్తూనే ఉంటుంది. కొందరు లక్ష సాష్టాంగాలు మొక్కుకుని నెలల తరబడి అక్కడే ఉండి పూర్తిచేస్తారు. ఇంకో వైపు తెల్లబట్టలు కట్టుకున్న థాయ్, సింహళ యాత్రికులు ఒక భిక్షువు చదువుతుంటే పాళీ భాషలో వెనక చదువుతారు. రావి ఆకు ఒకటి రాలితే చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ అటే తిరుగుతాయి, ముందు ఎవరి చేతికి అందితే వాళ్లది. కొమ్మ మీది ఆకు మాత్రం ఎవరూ కోయరు, మీరూ కోయకండి.

ఒక విషయం ముందే చెప్పి అమ్మగారిని సిద్ధం చేయండి. చెట్టు మొదట్లో, కాండానికి ఆనుకుని కూర్చోవడం కుదరదు. చుట్టూ రాతి కటకటాలు, కాపలా ఉంటాయి. కటకటాలకు ఇవతల, కొమ్మల నీడలో కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. దానికే ఆ ఊరు వెళ్లేది. ఆవిడ ఎంతసేపు కూర్చుంటానంటే అంతసేపు కూర్చోనివ్వండి. మీకు విసుగొస్తే లేచి చెరువు దాకా నడిచి రండి గానీ, "ఇక వెళ్దామా" అని మాత్రం అడగకండి.

ఫోన్లు లోపలికి రానివ్వరు. 2013 జులైలో అక్కడ బాంబులు పేలినప్పటి నుంచి తనిఖీ గట్టిగా ఉంటుంది. బయట లాకర్లో పెట్టి వెళ్లాలి. అందుచేత లోపల ఒకరినొకరు తప్పిపోతే ఫోన్ చేసుకునే వీలుండదు. అడుగు పెట్టగానే "తప్పిపోతే ఇక్కడికి రా" అని ఒక చోటు అనుకోండి, పైన మెట్ల మొదలు అయితే తేలిక. హోటల్ పేరు, మీ నంబరు రాసిన చీటీ అమ్మగారి చేతిసంచిలో పెట్టండి. హిందీ రాని పెద్దావిడకు ఇది చాలా ముఖ్యం, నవ్వి తీసేయకండి.

మోకాళ్ల సంగతి. చుట్టూ ఉన్న నేల కంటే గుడి పల్లంలో ఉంటుంది, మెట్లు దిగి వెళ్లాలి. తొందర లేకుండా, చెయ్యి పట్టుకుని దిగితే ఇబ్బంది ఉండదు. ఒక పూట దిగలేకపోతే దిగక్కర్లేదు. పై దారిలోనే గుడి చుట్టూ తిరగవచ్చు, అక్కణ్ణుంచి గోపురం, చెట్టు రెండూ కనిపిస్తాయి. కింద కూర్చోలేకపోతే అరుగులు, గట్లు ఉన్నాయి. చలికాలం తెల్లవారుజామున రాతినేల మంచులా ఉంటుంది, మందపాటి సాక్సులు తీసుకెళ్లండి. వాహనాలు గుడి దాకా రావు, కొంత దూరం ఈ-రిక్షాలో, కొంత నడిచి వెళ్లాలి. కాబట్టి హోటల్ ఎక్కడ అన్నది మిగతా అన్నిటికంటే ముఖ్యం. గయలో గది ఇచ్చి "బోధ్‌గయ పక్కనే కదండీ" అంటారు. గయ స్టేషన్ నుంచి బోధ్‌గయకు 15 కిలోమీటర్లకు పైనే, ట్రాఫిక్‌లో తెల్లవారుజామున లేచి రావడం అయ్యే పని కాదు. బోధ్‌గయలోనే, గుడికి దగ్గర్లోనే గది ఉండాలని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు ట్రిప్పు ఎలా తగ్గించాలో చెబుతాను. రాజ్‌గిర్, నలంద కోసం ఒక రోజంతా ఖర్చుపెట్టి తిరిగి బోధ్‌గయకు రానక్కర్లేదు. హైదరాబాద్ నుంచి పట్నాకు విమానంలో వెళ్లి, అక్కణ్ణుంచి కారులో మొదటి రోజు సాయంత్రానికి బోధ్‌గయ చేరండి. రెండో రోజు, మూడో రోజు అక్కడే. నాలుగో రోజు పొద్దున మరోసారి గుడికి వెళ్లి, నలంద మీదుగా పట్నా వెళ్లిపోండి, అది దారిలో పడుతుంది. విమానం మాత్రం రాత్రిది చూసుకోండి. అమ్మగారిని ఒకరోజు ముందే హైదరాబాద్ రప్పించండి, రాత్రంతా రైలు ప్రయాణం చేసి నేరుగా విమానం ఎక్కవద్దు.

రాజ్‌గిర్‌లో బుద్ధుడు బోధనలు చేసిన గృధ్రకూటం అనే కొండ ఉంది. రోప్‌వేలో కొండ మీది విశ్వశాంతి స్తూపం దాకా వెళ్లవచ్చు గానీ, అక్కణ్ణుంచి గృధ్రకూటానికి మెట్లు దిగి ఎక్కాలి. ఈ మోకాళ్లతో వద్దు. నలంద చదునుగా ఉంటుంది, కానీ నీడ తక్కువ, గంట నడిస్తే చాలు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ రెండు ఊళ్ల మధ్యే సిలావ్ వస్తుంది. పొరలు పొరలుగా ఉండే అక్కడి ఖాజాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తాపేశ్వరం కాజా తిని పెరిగిన గోదావరి మనిషికి అది చూపించకుండా తీసుకురావడం అన్యాయం. దారిలో ఆపమని డ్రైవర్‌కు ముందే చెప్పండి.

బోధ్‌గయలో మూడో రోజు ఏం చేయాలంటారా? నది దాటి బక్రౌర్‌లోని సుజాత స్తూపానికి వెళ్లండి. ఆరేళ్ల కఠిన తపస్సుతో ఎముకలగూడైన మనిషికి పాయసం పెట్టి నిలబెట్టిన ఆడమనిషి పేరు మీద కట్టిన స్తూపం అది. వేసవిలో నిరంజన అంతా ఇసుకే. ఊళ్లో థాయ్, భూటాన్, జపాన్, టిబెట్ ఆరామాలు ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి, ఆటోలో ఒక పూటలో చూడొచ్చు. 1989లో దలైలామా ప్రతిష్ఠించిన 80 అడుగుల బుద్ధ విగ్రహం కూడా అటే. ఓపిక లేకపోతే ఇవన్నీ మానేసి మళ్లీ చెట్టు దగ్గరికే వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలి? నవంబరు గానీ, ఫిబ్రవరి గానీ. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు విమానాలు, రైళ్లు గంటల కొద్దీ ఆలస్యం అవుతాయి, పెద్ద ప్రార్థనా సభలు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ కాబట్టి గదులు దొరకవు. మహాలయ పక్షాల్లో గయ వైపు జనసముద్రం, ఆ రోజుల జోలికి వెళ్లొద్దు. వైశాఖ పౌర్ణమికి వెళ్లాలని ఉంటుంది గానీ అప్పటి బిహార్ ఎండ అమ్మగారి వయసుకు మంచిది కాదు.

గుడి బయట కొందరు చనువుగా మాట కలుపుతారు. "మా ఊరి బడి చూడండి, పిల్లలకు సాయం చేయండి" అని తీసుకెళ్లి డబ్బు అడిగేవాళ్లు, "ఇది అసలు బోధి ఆకు" అని అమ్మేవాళ్లు ఉంటారు. మర్యాదగా వద్దని ముందుకు నడవండి. దానం చేయాలనుంటే ఆలయ కమిటీ కౌంటర్లో రశీదు తీసుకుని ఇవ్వండి.

వెళ్లేముందు వీలైతే ఒకరోజు అమ్మగారిని అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడి పాత శిల్పాల్లో కొన్నింటిలో బుద్ధుడి రూపం ఉండదు. చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం, అంతే. ఆ ఖాళీ ఆసనం బొమ్మ మనసులో పెట్టుకుని బోధ్‌గయలో వజ్రాసనాన్ని చూస్తే, రెండు వేల ఏళ్ల క్రితం కృష్ణ ఒడ్డున ఉన్న మనవాళ్లు దేనికి దండం పెట్టుకున్నారో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడు వారాల కథ కూడా ప్రయాణానికి ముందే ఇంట్లో కూర్చుని తెలుగులో చెప్పేయండి. అక్కడ గైడ్ హిందీలో మాట్లాడుతుంటే పక్కన నిలబడి అనువాదం చేయడం మీకూ కష్టం, ఆవిడకూ సగమే అందుతుంది. కథ ముందే తెలిస్తే గైడ్ చెయ్యి ఎటు చూపిస్తే అది ఏ వారమో ఆవిడే చెబుతారు.

ఏజెంటుకు ఈ రోజే ఫోన్ చేసి మూడు సంగతులు వాట్సాప్‌లో రాసి పంపమనండి: బోధ్‌గయలో మూడు రాత్రులు, గుడికి నడిచి వెళ్లేంత దూరంలో గది, గైడ్ రెండో రోజు ఒక్క పూటే. షాపింగ్ పేరుతో ఎక్కడా ఆపకూడదని కూడా చేర్పించండి. ఇవి రాసివ్వడానికి ఆయన తటపటాయిస్తే ఇంకొకరిని చూసుకోండి. అన్నయ్యగారికి సెలవు దొరికితే ఆయన్నీ రమ్మనండి, ఈసారి ఆయనకు అక్కడ చేయాల్సిన పనేమీ ఉండదు.